ఎంసీబీ దించినా షాక్ ఎందుకు కొట్టింది?

ప్రశ్న: అన్నా, నేను ప్రొద్దుటూరులో వైరింగ్ పనికి పోతాండా. మొన్న ఒక అపార్ట్‌మెంట్ సైట్లో ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) దించినాకే బోర్డు విప్పినా, టెస్టర్ పెడితే ఏ వైరుకీ వెలగలా, అయినా న్యూట్రల్ జాయింట్ ఊడదీస్తానే గట్టిగా కొట్టింది. మా మేస్త్రీ ఏమో న్యూట్రల్ ఏం చేయదులే అంటాడు. ఎట్లన్నా ఇది?

జవాబు: మీ మేస్త్రీ చెప్పింది సగమే నిజం తమ్ముడూ. జాయింట్ బిగించి ఉన్నంతసేపు న్యూట్రల్లో, అంటే కరెంటు తిరిగిపోయే వైరులో, వోల్టేజీ దాదాపు ఉండదు, అందుకే టెస్టర్ వెలగలా. సైట్లలో వైరు మిగిలించుకోనీకి రెండు సర్క్యూట్లకి ఒకటే న్యూట్రల్ లాగేస్తాంటారు, నీకు తగిలింది అదే అయ్యుంటాది. నువ్వు దించిన సింగిల్ పోల్ ఎంసీబీ ఒక సర్క్యూట్ ఫేజ్‌ని (కరెంటు వచ్చే వైరుని) మాత్రమే కట్ చేసింది, పక్క రూములో ఇంకో సర్క్యూట్ మీద ఫ్యానో లైటో ఆన్‌లో ఉంటే దాంట్లోంచి వచ్చే కరెంటు తిరిగిపోయేది ఈ న్యూట్రల్లోనే, దాన్ని నువ్వు ఊడదీస్తివి, ఇంక లోడు వైపు కొసలో 230 వోల్టులు నిలబడుకుంటాయి, పట్టుకున్నోడికి కొట్టక ఏం చేస్తాది.

అందుకే జాయింట్ల పనికి డీబీలో (ఎంసీబీలన్నీ ఉండే బోర్డులో) డబుల్ పోల్ మెయినే దించాల, ఫేజు న్యూట్రల్ రెండూ తెగిపోతాయి. ఇన్వర్టర్, జనరేటర్ ఉంటే అవీ ఆపు. ఫ్యూజ్ ఉంటే క్యారియర్ పీకి జేబులో పెట్టుకో, లేకుంటే ప్లాస్టరింగ్ వాళ్ళు మిషన్ ఆగిపాయనని వచ్చి మళ్ళీ ఎత్తేస్తారు (ఇది ప్రతి సైట్లో జరిగేదే). టెస్టర్ని నమ్మొద్దు, టెస్ట్ ల్యాంపో మల్టీమీటరో తీసుకొని ముందు కరెంటున్న సాకెట్లో పనిచేస్తాందా చూడు, తర్వాత ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మూడూ చూడు, మళ్ళీ పోయి ఆ సాకెట్లో చూడు.

ఎంసీబీ వైరుని కాపాడేదే గానీ మనిషిని కాదప్పా. 6 ఆంప్స్ ఎంసీబీ ఉంటే 100 మిల్లీఆంప్స్ దానికి లెక్కే లేదు, మన గుండె ఆగనీకి అది చాలు, పైగా కడప ఎండల్లో చెమట చేతులకి షాక్ ఇంకా గట్టిగా తగుల్తాది. టెంపరరీ బోర్డుకి 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు మనిషిలోంచి భూమిలోకి లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్) పెట్టించమని ఓనర్‌ని గట్టిగా అడుగు. వైబ్రేటర్, కటింగ్ మిషన్ వైర్లు క్యూరింగ్ నీళ్ళలో పడి ఉంటాయి, ప్లగ్ లేకుండా సాకెట్లో అగ్గిపుల్లలు కుక్కి నడిపిస్తాంటారు, ముందు అవి మార్పించు.

ఎవరికన్నా షాక్ కొట్టి పట్టేసుకుంటే చేత్తో లాగొద్దు, మెయిన్ దించు, అది దూరముంటే ఎండిన కట్టెతో వైరు తప్పించు, 108కి ఫోన్ చెయ్. ఊపిరి ఆడకుంటే వాళ్ళొచ్చేదాకా ఛాతీ నడిమధ్యన గట్టిగా నొక్కుతానే ఉండు.