తీసేసిన పాట ఎవరిది?

కోడంబాకం, చెన్నై

అమ్మాయీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఫోన్‌లో, రెండోసారి కింద జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని. పదకొండు పేజీలు, పేజీకి రెండు రూపాయలు. ఇరవై రెండు రూపాయల హక్కుతో రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

మీ యూనివర్సిటీ మ్యూజికల్, అదే మీ పాటల నాటకం, వెనకాల పనిచేసినవాళ్ళ గురించి రాయాలనుకోవడం మంచి ఆలోచన. పాడినవాళ్ళ ఫోటోలు ఎలాగూ ఇన్‌స్టాగ్రామ్ నిండా ఉన్నాయి. కానీ 'రాత్రింబవళ్ళు కష్టపడ్డారు' అన్న మాట తొమ్మిది చోట్ల వాడావు. ఎర్ర పెన్నుతో లెక్కపెట్టాను. స్టేజ్ మేనేజర్ రాత్రింబవళ్ళు కష్టపడింది, సెట్ వేసినవాళ్ళు రాత్రింబవళ్ళు కష్టపడ్డారు, ఆఖరికి టికెట్లు అమ్మిన కుర్రాడు కూడా. అందరూ ఒకేలా కష్టపడితే నాకు ఒక్కళ్ళ మొహమూ కనపడదు. పెళ్ళి వీడియోలో భోజనాల పంక్తి చూపించినట్టుంది. అందరూ తల వంచుకుని తింటూనే ఉంటారు.

ఆరో పేజీలో మాత్రం ఒక మాట ఉంది. కాస్ట్యూమ్స్ చూసుకున్న అమ్మాయి నీతో అన్నది: "వెల్క్రో పీకితే పరపరమని చప్పుడొస్తుంది, ముందు వరసకి వినిపిస్తుంది. అందుకే డ్రమ్స్ గట్టిగా మోగేదాకా ఆగి పీకేదాన్ని."

ఇది చదివాక స్టేజీ పక్కన తెర చాటున ఉండే ఆ వింగ్ మొత్తం నాకు కనిపించింది. హీరోయిన్ పెళ్ళిచీరలోంచి ఆఫీసు బట్టల్లోకి మారి నలభై సెకన్లలో మళ్ళీ స్టేజీ మీద ఉండాలి. హుక్కులు తీసే టైము లేదు. చీర కుచ్చిళ్ళు ముందే కుట్టేసి, వెనకాల వెల్క్రో పెట్టారు. చీకట్లో ఒకమ్మాయి నోట్లో పెన్ టార్చి పట్టుకుని నిలబడితే ఈ పిల్ల పీకుతోంది. సంగీతం రాని పిల్ల! చప్పుడు దాచడానికి డ్రమ్స్ వాయించే కుర్రాడి వరస మొత్తం బట్టీ పట్టేసింది. మామూలు నాటకంలో బట్టలు మార్చేవాళ్ళకి డైలాగు తెలిస్తే చాలు. మ్యూజికల్‌లో తాళం కూడా తెలియాలి. మీ నాటకం ఎలాంటిదో ఈ ఒక్క పిల్ల చేతులు చూపిస్తే పాఠకుడికి అర్థమైపోతుంది.

నువ్వేం చేశావు? ఆ మాట దాటగానే 'ఆమె అంకితభావం అందరికీ ఆదర్శం' అని రాసి ముందుకెళ్ళిపోయావు. సన్మానపత్రం భాష అది. పాపం, శాలువా కప్పి పంపించేశావు ఆ పిల్లని.

నేనూ చేశాను ఈ తప్పు. అప్పుడు నీకంటే రెండేళ్ళు పెద్దవాడినేమో. ఈ ఊళ్ళోనే ఒక పౌరాణిక నాటకం చూసి పత్రికకి సమీక్ష రాశాను. ప్రధాన పాత్రధారి జలుబుతో ఉన్నా గొంతు చెక్కుచెదరలేదని, నాలుగు వన్స్‌మోర్లు పడ్డాయని తెగ పొగిడాను. వారం తర్వాత టీకొట్టు దగ్గర ఆ నాటకం హార్మోనిస్టు కనపడ్డాడు. పెద్దాయన. కోపంగా ఏం లేడు. "ఐదున్నర శ్రుతిలో మొదలెట్టాడు బాబూ. మూడో పద్యానికే పైస్థాయి అందట్లేదు. మధ్యలో మాటలు నడుస్తుంటే ఐదుకి దింపేశాను. మీరెవరూ కనిపెట్టలేదు కదా, అదీ నా పని," అని గ్లాసు అక్కడ పెట్టి వెళ్ళిపోయాడు. అర మెట్టు! సభలో అంతమందిమీ ఆయనతో పాటు అర మెట్టు దిగి కూర్చున్నాం, ఒక్కడికీ తెలియలేదు. ఆయన పేరు కరపత్రంలో ఉంది. నా సమీక్షలో లేదు.

మీ ఆఖరి షో రోజున హీరోకి గొంతు పట్టేసిందని నువ్వే రాశావు. 'అయినా అద్భుతంగా పాడాడు' అని కూడా రాశావు. అచ్చం నా సమీక్షే! నేనైతే ఈసారి ముందు బ్యాండ్ దగ్గరికి వెళ్తాను. పాట కిందికి దింపారా? దింపితే కీబోర్డుకి ఇబ్బంది లేదు, ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే సరి. వేణువు వాయించిన అబ్బాయి సంగతేంటి? వెదురుకి బటన్ ఉండదు. శ్రుతి మారితే వేణువే మార్చుకోవాలి. ఆ శ్రుతి వేణువు ఆ రోజు అతని సంచిలో ఉందా? లేకపోతే రంధ్రాలు సగం సగం మూసి నెట్టుకొచ్చాడా? ఇవి అడగడానికి నీకు సంగీతం రానక్కర్లేదు. అడిగితే వాళ్ళే చెప్తారు, చెప్పడానికి ఎదురుచూస్తూ ఉంటారు.

'మీ అనుభవం గురించి చెప్పండి' అని అడిగితే ఎవరైనా 'మేమంతా ఒక కుటుంబంలా ఉన్నాం' అనే అంటారు. వాళ్ళ తప్పు కాదు. అలా అడక్కు. 'మొత్తం షోలో ఏ నిమిషానికి నీకు బాగా టెన్షన్?' అని అడుగు. ఒక్కొక్కళ్ళూ ఒక్కో నిమిషం చెప్తారు. సౌండ్ చూసే అబ్బాయి ఇంటర్వెల్ అంటాడు. చెంపకి అంటించిన మైకులు చెమటకి తడిసి గరగరలాడతాయి. అందరివీ తుడిచి, మళ్ళీ టేపు వేసి, ఉన్న బ్యాటరీల్లో చార్జింగ్ ఉన్నా సరే కొత్తవి మార్చాలి, పావుగంటలో. లెక్కలు చూసినవాడు షో అయిపోయిన మర్నాడు అంటాడు. అతనికి రెండు వాక్యాలు చాలు.

మీ స్టేజ్ మేనేజర్‌కి ఒక పేజీ ఇవ్వు. షో రోజు నాకు పక్క వరసలో సీటు పడింది కదా, తెర పక్క నుంచి ఆ అమ్మాయి సగం కనపడుతూనే ఉంది. హెడ్‌సెట్ పెట్టుకుని, ఒడిలో ఫైలు, ఫైలు మీద నీలం కాగితం చుట్టిన చిన్న లైటు. స్టేజీ వైపు చూసింది తక్కువ. ముందు 'స్టాండ్‌బై' అంటుంది, అంటే లైట్లవాడు వేలు బటన్ మీద పెట్టుకుని ఆగాలి. తర్వాత 'గో' అంటుంది. అంతే, వెలుతురు మారుతుంది. హెడ్‌సెట్‌లో ఉన్నప్పుడు ఆ 'గో' అన్న మాట ఊరికే ఎవరూ వాడరు. నోరుజారి మామూలు కబుర్లలో అన్నారంటే ఎవడో ఒకడు బటన్ నొక్కేస్తాడు. మీవాళ్ళు దానికి బదులు ఏమనేవాళ్ళో కనుక్కో. 'బయల్దేరు' అనేవాళ్ళా, 'పో' అనేవాళ్ళా? ఆ మాట దొరికితే ఆ పేజీ దానంతటదే నడుస్తుంది.

నేను చిన్నప్పుడు నాటకాలకి అందించే పని చేశాను. వింగ్‌లో నిలబడి, మర్చిపోయినవాడికి మాట అందించడం. బాగా చేస్తే ఎవరికీ వినపడదు. ఒక్కసారి గట్టిగా అందిస్తే హాలంతా నవ్వుతుంది. అందుకే వింగ్‌లో మనుషులంటే నాకు కాస్త పక్షపాతం, ఆ తగ్గింపు వేసుకుని చదువు ఈ ఉత్తరం.

భాష గురించి ఒక చిన్న మాట. అందరిచేతా ఒకే తెలుగు మాట్లాడించావు. సెట్ కొట్టిన మేస్త్రీ తమిళుడని నువ్వే రాసి, 'సమయం పరిమితంగా ఉన్నందున' అని అతని నోట్లో పెట్టావు. కొరియోగ్రాఫర్ షావుకారుపేటలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, తెలుగులో మొదలుపెట్టి తమిళంలో ముగిస్తుంది. నీతో మాట్లాడినప్పుడు విన్నావుగా, అలాగే రాయి. ఇద్దరు ముగ్గురి దగ్గర ఒకటి రెండు మాటలు అలా వదిలితే చాలు. చెన్నై పాఠకుడికి ఎవరెక్కడివాళ్ళో తెలిసిపోతుంది.

మ్యూజియం థియేటర్ చరిత్ర మీద రెండు పేజీలు ఖర్చుపెట్టావు. ఎగ్మూరులో 1896 నాటి హాలు అని ఒక్క ముక్క చాలు. దానికంటే, ఆ హాలు మీకు ఒక్కరోజు ముందే చేతికొచ్చిందని పదో పేజీలో ఎక్కడో మూలకి రాశావు, అది ముందుకి తీసుకురా. లైట్లు బిగించడం, సౌండ్ చూసుకోవడం, సెట్ జరపడం అన్నీ ఒక్క రోజులోనే కదా. ఆ రోజు అన్నం ఎప్పుడు తిన్నారు, ఎక్కడ కూర్చుని తిన్నారు?

చరిత్ర చెప్పి తీరాలనిపిస్తే ఇది చెప్పు. 1891లో బళ్ళారి నుంచి ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు బృందంతో వచ్చి మద్రాసులో తెలుగు నాటకాలు ఆడారు. తెలుగు నాటకంలో పాటలు పెట్టిన మనిషి ఆయన. ఆ నాటకాలు చూసిన పద్దెనిమిదేళ్ళ తమిళ కుర్రాడు పమ్మల్ సంబంధ ముదలియార్ అదే ఏడు సుగుణ విలాస సభ అనే నాటక సంఘం పెట్టాడు. తమిళ నాటకానికి ఆయన ఏమవుతాడో మీ తమిళ స్నేహితుల్ని అడుగు. సగం తమిళ పిల్లలు, సగం తెలుగు పిల్లలు కలిసి పాటల నాటకం ఆడటం ఈ ఊరికి నిన్నమొన్నటి సంగతి కాదు. ఆ నటుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ రోజుల్లో తెర లాగినవాళ్ళ పేర్లు మాత్రం నేను చదివినవాటిలో ఎక్కడా తగల్లేదు. నీ వ్యాసం అవసరం అక్కడుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. తొమ్మిదో పేజీ చివర్లో 'సమయాభావం వల్ల రెండు పాటలు తొలగించారు' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అమ్మాయీ, నీ పదకొండు పేజీల్లో అన్నిటికంటే పెద్ద కథ అదే.

అక్టోబరు వానల్లో రిహార్సల్స్ మొదలై ఫిబ్రవరిలో షో అన్నావు. నటులంతా కూర్చుని బ్యాండ్‌తో కలిసి మొదటిసారి పాడే రోజు ఒకటి ఉంటుంది, సిట్స్‌ప్రోబ్ అంటారు. జర్మన్ మాట, కూర్చుని చేసే రిహార్సల్ అని. అంతవరకు కీబోర్డు ఒక్కదానితో పాడినవాళ్ళు ఆ రోజు మొత్తం బ్యాండ్ వింటారు. కొందరు ఏడుస్తారు కూడా. మీకు నాటకం పొడుగైందని తెలిసింది ఆ వారంలోనే అని నువ్వే రాశావు. అంటే ఆ రెండు పాటలూ బ్యాండ్‌తో ఒక్కసారి పాడాకే తీసేశారన్నమాట. తియ్యాలని ముందు ఎవరన్నారు? పాట రాసిన అబ్బాయికి ఎవరు చెప్పారు, ఫోన్ చేసి చెప్పారా, గ్రూపులో మెసేజ్ పెట్టారా? వాటిలో ఒకటి తల్లి పాత్ర పాడాల్సింది, ఆ పాత్ర వేసిన అమ్మాయి నాలుగు నెలలు దాన్ని సాధన చేసి ఉంటుంది. షోలో ఆవిడకి మూడే మాటలున్నాయి, నేను లెక్కపెట్టాను. మిగిలిన సమయమంతా ఆవిడ గ్రీన్‌రూమ్‌లో ఏం చేసింది?

ఇందులో గొడవలుంటాయి. డైరెక్టర్ ఒకటంటాడు, పాట రాసినవాడు ఇంకొకటంటాడు. తీర్పు చెప్పకు. డైరెక్టర్ చేసింది నాకు తప్పనిపించలేదు, నాటకం రెండో సగం బరువుగానే ఉంది, ఇంకో పాట ఉంటే నాలాంటివాళ్ళు బస్సుకోసం లేచిపోయేవాళ్ళు. పద్యనాటకంలో కథ ఆగినా పర్వాలేదు, పద్యం కోసమే వస్తారు, మళ్ళీ పాడించుకుంటారు. మ్యూజికల్‌లో పాట కథని ముందుకి లాక్కెళ్ళాలి, లాగకపోతే తీసేస్తారు. అది సరైన నిర్ణయమే కావచ్చు. అయినా ఆ పాట రాసిన నెల్లూరు అబ్బాయికి ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు. రెండూ రాయి.

స్టేజ్ మేనేజర్ దగ్గర ఆ ఫైలు చూపించమని అడుగు. లైటు క్యూలన్నిటికీ, అంటే 'గో' అనగానే వెలుతురు మారే ఒక్కో చోటుకీ, నంబర్లుంటాయి. పాట తీసేసినా మళ్ళీ మొదట్నుంచి నంబర్లు మార్చరు, మారిస్తే కంప్యూటర్‌లోనూ కాగితం మీదా అంతా గందరగోళం. కాబట్టి ఎక్కడో వరుసలో ఖాళీ ఉంటుంది. అరవై ఒకటి తర్వాత ఏకంగా డెబ్భై అని ఉండొచ్చు. ఆ మధ్య నంబర్లే ఆ అబ్బాయి పాట.

ఇంకొకటి. రెండో అంకంలో ఇల్లు వెళ్ళిపోయి ఆఫీసు వచ్చేచోట, సెట్ మారుతున్నంతసేపూ, కీబోర్డు మీద ఒక వరస వచ్చింది. మాటల్లేవు. అంతకుముందు ఎక్కడా వినలేదు, తర్వాతా రాలేదు. పల్లవిలాగే ఉంది, చివర ఊపిరి తీసుకునే చోటు కూడా ఉంది. అది తీసేసిన పాటదేనని నా అనుమానం. మ్యూజిక్ చేసినవాళ్ళు మనసొప్పక సెట్ జరిపే చప్పుడు కింద దాచి ఉంటారు. నువ్వు మూడు షోలూ చూశావు, వినలేదా?

పాట రాసిన అబ్బాయిని కలువు. ఫోన్ ఎత్తకపోతే క్యాంటీన్ దగ్గర పట్టుకో. పాట తీసేసినందుకు బాధపడ్డావా అని మాత్రం అడక్కు, 'లేదండీ' అంటాడు. పాట మొత్తం ఒకసారి చెప్పమను, చాలు. తిరగరాసింది ఆదివారం పొద్దున తీసుకురా, ఈసారి ప్రింట్ ఖర్చు నీది. వచ్చేలోపు స్టేజ్ మేనేజర్‌ని ఇంకో మాట కూడా అడిగి రా: ఆ వరస వాయించినప్పుడు, తల్లి పాత్ర వేసిన అమ్మాయి వింగ్‌లో ఉంటే, పెదాలు కదిపిందా అని. ఫైల్లో రాసుకుని ఉండదు. చూసి మాత్రం ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు