ఇత్తడి పట్టాలకు పాత రూపు ఎలా?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. పెరట్లో జామచెట్టు చుట్టూ 45 మిల్లీమీటర్ల గేజితో (రెండు పట్టాల మధ్య దూరం) బుల్లి రైలు లైను వేశాను. ఇత్తడి పట్టాలు, వాటి కింద అడ్డంగా ప్లాస్టిక్ స్లీపర్లు. ఇంజనుకు కరెంటు పట్టాల మీదుగానే వెళ్తుంది. ట్రాక్ తోమిన కుందిలా మెరిసిపోతోంది, నాకేమో మా నౌపడ పాత చిన్నరైలు లైనులా కనిపించాలని ఉంది. సర్క్యూట్ బోర్డులకు వాడే ఫెర్రిక్ క్లోరైడ్ రాస్తే నల్లబడుతుందని ఒకాయన చెప్పారు. రాయమంటారా?

జవాబు: వద్దండీ, నేల మీద పరిచేసిన ట్రాక్ మీద అసలు వద్దు. అది ఇత్తడిని తినేసే మందు, పట్టా ముక్కలను కలిపే జాయినర్ల సందుల్లోకి దిగితే పూర్తిగా కడగడం కుదరదు, లోపల తింటూనే ఉంటుంది, కరెంటు కనెక్షన్ పోతుంది. పైగా మొక్కల మట్టిలోకీ దిగుతుంది.

తొందర లేకపోతే ఒక వానాకాలం అలాగే వదిలేయండి. మీ వైపు సముద్రపు గాలికి ఇత్తడి తనంతట తనే గోధుమ రంగుకు తిరుగుతుంది, అక్కడక్కడా పచ్చటి చిలుము పడితే ఆ చోట్ల మాత్రం రంగు వేస్తే సరిపోతుంది.

ఇప్పుడే కావాలంటే ముందు ఏదైనా స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద నిలబడి (పట్టాల మీదికి దిగకుండా) లైన్లను తీరిగ్గా చూడండి. చక్రం తిరిగే పైభాగం వెండిలా ఉంటుంది, పక్కలు ముదురు చాక్లెట్ రంగు. ఎక్కువ వాడని లూప్ లైనుకు (మెయిన్ లైను నుంచి పక్కకు చీలి మళ్లీ కలిసేది) పైన కూడా నారింజ తుప్పు. ఇంజను ఆగే చోట కంకర నూనె కారి నల్లగా ఉంటుంది. చాలామంది మొత్తానికి ఒకే బ్రౌన్ కొట్టేస్తారు, బొమ్మలా కనిపించేది అందుకే.

పట్టాల పక్కలను సబ్బునీళ్లతో కడిగి, ఆరాక 400 నంబరు ఎమరీ కాగితంతో కాస్త గరుకు చేయండి. ఇత్తడికి రంగు సరిగా పట్టదు కాబట్టి కారు పెయింటింగ్ సామాను అమ్మేచోట దొరికే ఎచ్ ప్రైమర్ (లోహానికి రంగు పట్టేలా చేసే అడుగు పూత) సన్నగా వేయాలి. దానిమీద రెడ్ ఆక్సైడులో కొంచెం నలుపు కలిపి సన్న బ్రష్‌తో పక్కలకు రాస్తూ, పైన అంటిన రంగును తడి ఆరకముందే గుడ్డతో తుడిచేస్తూ వెళ్లండి. నలుపు పాలు ప్రతి రెండు మూడు అడుగులకూ కాస్త మార్చండి. థిన్నర్ స్లీపర్ల మీద పడనివ్వకండి, కొన్ని ప్లాస్టిక్‌లు మెత్తబడిపోతాయి.

స్లీపర్లను పాత హాక్సా బ్లేడుతో పొడవునా గీస్తే చెక్క చారల్లా వస్తుంది. ఎండకు వానకు ఉన్న చెక్క గోధుమ రంగులో ఉండదు, బూడిద రంగుకు తిరుగుతుంది, కనుక పల్చటి మ్యాట్ బూడిద రంగు రాసి వెంటనే తుడిస్తే గీతల్లో మాత్రమే నిలుస్తుంది.

ఇక కంకర. 1900లో మొదలై 2004లో ఆగిపోయిన మీ నౌపడ చిన్నరైలు లైను గేజి 762 మిల్లీమీటర్లు, అంటే మీది దానిలో 17వ వంతు. రైల్వే కంకరలో పెద్ద రాయి 65 మిల్లీమీటర్లు, ఆ లెక్కన మీ రాయి 4 దాటకూడదు. మీ టెక్కలిలో గ్రానైట్ క్రషర్ పొడికి కొదవా! జల్లించి, దుమ్ము కడిగేసి పరచండి. ఇంజను ఆగే చోట నల్ల రంగు బాగా పల్చగా కలిపి చుక్కలుగా వేయండి. అయ్యాక పట్టా పైభాగాన్నీ లోపలి అంచునూ శుభ్రంగా తుడిచి, ప్రతి జాయింటు దగ్గరా మల్టీమీటరుతో కరెంటు వస్తోందో లేదో చూసుకుని అప్పుడు ఇంజను ఎక్కించండి.