"అన్నా, పాట బాగుంది. ఏ సినిమాలోది?"

మీ ప్రశ్న చదివాను. గుంటూరులో నలుగురు స్నేహితులు కలిసి ఆరు సొంత పాటలు రికార్డు చేశారు, విజయవాడ ఎఫ్ఎం స్టేషన్లన్నిటికీ మెయిల్ పెట్టారు, ఒక్కరూ పలకలేదు. "మా పాటలు అంత బాగాలేవా, లేక లోపల తెలిసినవాళ్లుంటేనే వేస్తారా?" అని అడిగారు. నాకు తెలిసినంతలో రెండూ కాదు. ఆ రేడియో స్టేషన్ గుమ్మానికి అవతలా ఇవతలా కూడా కొన్నాళ్లు నిలబడ్డాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను కీబోర్డు వాయిస్తాను. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలే బతుకుతెరువు. 2013లో పటమటలో ఒక స్నేహితుడి మేడ మీద గదిలో, గోడలకి గుడ్ల అట్టలు అంటించి, నాలుగు సొంత పాటలు చేశాం. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఒక ప్రైవేటు ఎఫ్ఎం ఆఫీసుకి వెళ్తే, ప్రోగ్రాములు చూసే అబ్బాయి మర్యాదగానే కూర్చోబెట్టి మొదటి పాట పూర్తిగా విన్నాడు. తల కూడా ఊపాడు. "అన్నా, పాట బాగుంది. ఏ సినిమాలోది?" అన్నాడు. సినిమాది కాదు, మాదే అన్నాం. "మరి ఏ ఫోల్డర్‌లో వెయ్యమంటారు?" అన్నాడు. వెటకారం చేస్తున్నాడనుకుని చాలా రోజులు తిట్టుకున్నాను.

రెండేళ్ల తర్వాత ఇంకో స్టేషన్‌లో ప్రకటనల జింగిల్స్ చేసే పని దొరికింది. అప్పుడు తెలిసింది, పాపం వాడు నిజమే అడిగాడని. పాటలు వేసేది మనిషి కాదు, ఒక షెడ్యూలర్ సాఫ్ట్‌వేర్. అందులో ప్రతి పాటకీ ఒక కార్డు ఉంటుంది. సినిమా పేరు, హీరో, సంగీత దర్శకుడు, ఏ సంవత్సరం, హుషారు పాటా మెలోడీనా, ఇలా నింపుతారు. కొత్త హిట్లు కొన్ని గంటలకోసారి తిరిగి రావాలి, పాతవి వారానికి ఒకటి రెండుసార్లు, అలా రొటేషన్ కడతారు. మేమున్నచోట ఆ లిస్టు కట్టేది కూడా విజయవాడలో కాదు, పై ఆఫీసులో. మర్నాటి లిస్టు ముందురోజు సాయంత్రానికి దిగేది. మీరు రేడియోలో వినే ఆర్‌జే ఆ పాటల మధ్య మాట్లాడతాడంతే. లిస్టులో లేనిది వేస్తే మర్నాడు లాగ్‌లో, అంటే ఏమేం వేశారో నమోదయ్యే చిట్టాలో, దొరికిపోతాడు, సంజాయిషీ రాసుకోవాలి. మీ మెయిల్ వెళ్లింది ఆ ఆర్‌జేకే అయితే, ఆయన చేతిలో ఏమీ లేదు.

పై ఆఫీసు వాళ్లని తిట్టుకుందామన్నా, వాళ్ల లెక్క వాళ్లకుంది. వేలంలో డబ్బు పోసి ఫ్రీక్వెన్సీ కొన్నారు, రాబడి ప్రకటనలదే. సొంతంగా వార్తలు చెప్పే వీలు లేదు, ఆకాశవాణి బులెటిన్ ఉన్నదున్నట్టు వేసుకోవాల్సిందే. ఇక మిగిలింది పాటే. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాడు తెలియని ట్యూన్ వినగానే పక్క స్టేషన్‌కి మారిపోతాడేమోనని వాళ్ల భయం. అందుకని పాటలోంచి కొన్ని సెకన్ల ముక్క శ్రోతలకి వినిపించి "ఇది తెలుసా, నచ్చిందా?" అని అడిగి, తెలిసినదే మళ్లీ వేస్తారు. ఎప్పుడూ వెయ్యని పాట ఎవరికి తెలుస్తుంది?

"మేం ఉచితంగా ఇస్తాం" అని మీరు మెయిల్‌లో రాశారట. మేమూ అదే అన్నాం. అప్పట్లో దాంతో వాళ్లకి ఒరిగింది ఏమీ లేదు. 2010లో కాపీరైట్ బోర్డు ఇచ్చిన ఆర్డరు ప్రకారం 2020 దాకా స్టేషన్లు పాటల కంపెనీలకి తమ ప్రకటనల నికర ఆదాయంలో 2 శాతం లెక్కన కట్టేవి. ఎవరి పాట ఎంతసేపు వేస్తే వాళ్లకి అందులో అంత వాటా వచ్చేది. ఆ 2 శాతంలో మన నాలుగు నిమిషాల వల్ల మిగిలేదెంత? సినిమా పాటైతే హీరో ఇంటర్వ్యూ, శ్రోతలకి టికెట్ల పోటీ వెంట తెస్తుంది. మన దగ్గర ఏముంది, గుడ్ల అట్టలు తప్ప.

కెనడాలోలాగా స్థానిక సంగీతానికి కోటా పెట్టాలని కొందరు అంటారు. అక్కడ 1971 నుంచీ ఉంది. ఇక్కడ మాత్రం అది పనిచెయ్యదనే నా నమ్మకం. మన సినిమా పాట కూడా తెలుగే, స్థానికమే. కోటా మొత్తం దాంతోనే నిండిపోతుంది.

శ్రోతలకి సినిమా పాటే కావాలన్న మాటని మాత్రం నేను ఒప్పుకోను. మా నాలుగు పాటల్లో ఒకదాని పల్లవిని తర్వాత ఒక ఫర్నిచర్ షాపు జింగిల్‌గా మార్చాను. ట్యూన్ అదే, మాటల స్థానంలో షాపు పేరు. వాళ్లు డబ్బు కట్టారు కాబట్టి రోజుకి పదకొండుసార్లు వచ్చింది. నెల తిరక్కుండా ఏలూరు రోడ్డులో ఆటో డ్రైవర్ అది కూనిరాగం తీస్తుంటే వెనక సీట్లో కూర్చుని విన్నాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇదే ఊళ్లో రేడియో ఇంకోలా కూడా నడిచింది. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. అక్కడ నిలయ విద్వాంసులని జీతమిచ్చి పెట్టుకునేవారు. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు, వయొలిన్ అన్నవరపు రామస్వామి గారు, అందరూ అక్కడ పనిచేసినవాళ్లే. భక్తిరంజని పాటలు, లలిత గీతాలు స్టూడియోలోనే పుట్టాయి. పైగా 1952 తర్వాత కొన్నేళ్లు, కేస్కర్ కేంద్ర సమాచార ప్రసార మంత్రిగా ఉన్నప్పుడు, ఆకాశవాణి సినిమా పాటల్ని దూరం పెట్టింది. జనం సినిమా పాటల కోసం శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్‌కి మళ్లాక, 1957లో ఆకాశవాణిలోనే సినిమా పాటలు వేసే వివిధభారతి తెచ్చారు. నాకు ఆ నిషేధం మీద మోజేమీ లేదు. ఆర్కెస్ట్రాలో నా కడుపు నింపేది సినిమా పాటే.

ఇక మీరు చెయ్యగలిగినది. విజయవాడ పున్నమ్మతోటలో ఆ ఆకాశవాణి స్టేషన్ ఇప్పటికీ ఉంది. మీ వయసు 30 లోపే అంటున్నారు కాబట్టి ముందు యువవాణి అనే కార్యక్రమం గురించి అడగండి, అది 15 నుంచి 30 ఏళ్లవాళ్ల కోసమే. తర్వాత మీ గాయని చేత లలిత సంగీతం ఆడిషన్‌కి దరఖాస్తు పెట్టించండి. నెగ్గితే బి, బి హై, ఏ, టాప్ అని గ్రేడు ఇస్తారు, గ్రేడును బట్టి పారితోషికం. మా పిన్నికూతురు రెండోసారికి బి తెచ్చుకుంది. మొదటిసారి ట్రాక్ మీద, అంటే ముందే రికార్డు చేసిన వాద్యాల మీద, పాడే అలవాటుతో వెళ్లి, ఉత్త శ్రుతి మీద పాడమనేసరికి తడబడింది. తెలిసినవాళ్లుండాలా అన్నారు కదా, ఆమెని నంబరు పెట్టి పిలిచారు, పేరు పెట్టి కాదు. ఒక చిక్కు మాత్రం ఉంది. అక్కడ మీరు పాడాల్సిందే, మీ డ్రమ్స్, గిటార్ మిక్స్ ఉన్న ట్రాక్ ఇచ్చి వెయ్యమంటే కుదరదు.

ప్రైవేటు స్టేషన్‌ని కూడా వదలను అంటే, మెయిల్ కాదు, ఉగాదికో సంక్రాంతికో ఊరి మీద ప్రత్యేక కార్యక్రమం చేస్తున్నప్పుడు వెళ్లండి. అలాంటి రోజుల్లో లిస్టు కాస్త వదులుగా ఉంటుంది. ఎవరు రాశారు, ఎవరు పాడారు, హక్కులు ఎవరివి అన్నది ఒక కాగితం మీద సంతకాలతో పట్టుకెళ్లండి. మాకు ఒక ఉగాదికి దాదాపు ఖాయమైంది, తీరా పాట రాసినవాడు దుబాయ్‌లో ఉండి సంతకం దొరక్క ఆగిపోయింది.

మీరు పెట్టిన లింకులో మూడో పాట విన్నాను. గొంతు చాలా బాగుంది. కానీ గొంతు వచ్చేసరికి యాభై రెండు సెకన్లు అయింది. ఆ గిటార్ ముక్క మీకెంత ఇష్టమో నాకు అర్థమవుతుంది, మాదీ అంతే. రేడియోకి ఇచ్చే కాపీలో మాత్రం పది సెకన్లకి కోసెయ్యండి. అసలుది యూట్యూబ్‌లో అలాగే ఉండనివ్వండి.