కంచు పోతలో నగిషీ నిలవాలంటే

ప్రశ్న: రామప్ప మదనికల స్ఫూర్తితో మట్టిలో చేసిన నర్తకి బొమ్మను కంచులో పోత పోయిస్తే, హారంలోని పూసలన్నీ కలిసిపోయి వచ్చాయి. లోపం ఎక్కడుంది?
- ఒక శిల్పి, హనుమకొండ

జవాబు: ఈ నష్టం చాలావరకు కంచు కరగకముందే, మైనం దశలోనే జరుగుతుంది; మైనపు ప్రతి మీద పూతలు వేసి, మైనాన్ని కరిగించి తీసేశాక, ఆ ఖాళీలోనే కంచు పోస్తారు. అచ్చు నుంచి తీసిన మైనపు ప్రతిని మీరే దగ్గరుండి చూసి, పూసకూ పూసకూ మధ్య గాడిని సన్నని పనిముట్టుతో మళ్లీ తీర్చిన తరువాతే పోతకు అప్పగించండి. దానిపై తొలి పూత అతి మెత్తగా, బుడగలు లేకుండా పడాలి; ఆదిలాబాద్ ఓజా కళాకారులు ఇదే మైనం పద్ధతిలో పోసే డోక్రా లోహపు బొమ్మల్లో మైనపు దారాల అల్లిక లోహంలోకి యథాతథంగా దిగడానికి ఆ మెత్తని మట్టి పూతే ఆధారం. ఆ పూతలతో తయారైన అచ్చు చల్లబడితే కంచు సన్నని చోట్లకు చేరకముందే గడ్డకడుతుంది కనుక, వేడి మీదే పోయించండి. ఉన్న బొమ్మను మాత్రం దయచేసి కరిగించకండి. పెంబర్తి గ్రామపు లోహపు నగిషీ పని ప్రధానంగా ఇత్తడి రేకు మీద సాగేదే అయినా, అక్కడి ఉలి నేర్పు తెలిసిన చేతులు ఆ పూసలను విడదీయగలవు.