పాలసీ అయిపోయిన కారు నడపొచ్చా?

అన్నా, మీ కారు ఇన్సూరెన్స్ అయిపోయి 20 రోజులైందని, నిన్న ఆపి 2,000 చలానా వేశారని, ఈ వారం ఇలాగే నడిపేయొచ్చా అని అడిగారు కదా. వద్దు, దయచేసి బండి బయటికి తీయకండి. మోటారు వాహనాల చట్టం 196వ సెక్షన్ ప్రకారం మొదటిసారి 2,000 జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేకపోతే రెండూ. మళ్లీ దొరికితే జరిమానా 4,000. ఇంకొకరి చేతికిచ్చినా మీ మీదకూ వస్తుంది. అసలు చలానా చిన్న విషయం, ఎవరికైనా తగిలితే లక్షల్లో పరిహారం మీరే కట్టుకోవాలి. మా బాబాయి అలాగే అర ఎకరం అమ్ముకున్నాడు, ఆ రోజు పిన్ని పాస్‌బుక్ ఒళ్లో పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఈ రాత్రే ఆన్‌లైన్‌లో కనీసం థర్డ్ పార్టీ పాలసీ (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి వర్తించేది) కట్టేయండి. మన బండి నష్టానికీ వర్తించే ఫుల్ పాలసీ కావాలంటే సాధారణంగా బండి వీడియో అడుగుతారు, పాత పాలసీ అయిపోయి 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. పాలసీలో మొదలయ్యే తేదీ, టైము చూసుకున్నాకే తాళం తీయండి.