గన్నర్ తాత జవాబులు: 20 తుపాకులు చేసిన పని

ప్రశ్న: తాతగారూ, నమస్కారం. 1520లో రాయచూరు దగ్గర బీజాపూరు సుల్తాను ఆదిల్ షాకు బోలెడన్ని ఫిరంగులున్నా కృష్ణదేవరాయలే గెలిచాడని మా సారు చెప్పారు. ఫిరంగులొచ్చాకే యుద్ధాలు మారిపోయాయని పుస్తకంలో ఉంది. మరి ఫిరంగులున్నవాడు ఎలా ఓడిపోయాడు?
– డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

జవాబు: అమ్మాయ్, ఈ శీర్షిక మొదలుపెట్టినప్పటి నుంచి ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని చూస్తున్నా. వచ్చేవన్నీ పెన్షన్ కాగితాలూ, క్యాంటీన్ కార్డుల గోలే.

ముందు తోపు, అంటే ఫిరంగి, దగ్గర నిలబడేవాడి అవస్థ చెప్తాను. నేను 130 ఎం.ఎం. గన్ను మీద ఎనిమిదేళ్లు లోడరుగా చేశాను. గుండు ఒక్కోటి 33 కిలోలు. పేలగానే గొట్టం మాత్రం వెనక్కి తన్ని, మళ్లీ తనంతట తనే చోటికి వచ్చి కూర్చుంటుంది. గన్ను కాళ్లు భూమిలో దిగి ఉంటాయి కాబట్టి గురి పెద్దగా చెదరదు. నిమిషానికి ఐదారు గుండ్లు వేసేవాళ్లం. రాయలవారి కాలంలో ఈ సుఖం లేదు. పేలిన తోపు బండితో సహా వెనక్కి దొర్లేది. దాన్ని మళ్లీ ముందుకు తోసుకురావాలి. కర్రకు తడిగుడ్డ చుట్టి, గొట్టంలో మిగిలిన నిప్పురవ్వల్ని ఆర్పాలి. మందు పోసి కూరాలి, గుండు దింపాలి, గురి చూసుకోవాలి, ఒత్తి ముట్టించాలి. తొందరలో ఆ తడిగుడ్డ సంగతి మరిచారో, కొత్తగా పోసిన మందు అక్కడే భగ్గుమని ముందు పోయేది కూరేవాడి చేతులే.

ఇప్పుడు మే 19 తెల్లవారుజాముకి రా. ఈ కథంతా మనకు చెప్పింది న్యూనిజ్ అనే పోర్చుగీసువాడు. విజయనగరంలో ఉండి, కొన్నేళ్ల తర్వాత రాశాడు. అతని అంకెలు కొంచెం తగ్గించి చదువుకోవాలి కానీ, కళ్లకు కట్టినట్టు చెప్తాడు. రాయలు మూడు నెలలుగా రాయచూరు కోటను ముట్టడించి ఉన్నాడు. కోటను కాపాడుకోవడానికి ఇస్మాయిల్ ఆదిల్ షా కృష్ణా నది దాటి వచ్చి, తోపులన్నీ ముందు పేర్చాడు. విజయనగరం ముందు వరుస దగ్గరికి రాగానే అన్నిటినీ ఒక్కసారే పేల్చేశాడు. ఆ దెబ్బకు మనవాళ్లు చెల్లాచెదురై పారిపోయారు. బీజాపూరు సైన్యం గెలిచామనుకుని వెంటపడింది.

మాకు గన్ను పని నేర్పిన ఉస్తాద్ అయితే ఆదిల్ షా చెవి మెలిపెట్టేవాడు. అన్ని గన్నులూ ఒకేసారి ఖాళీ చేసుకుని కూర్చుంటావా? సగం పేలుతుంటే సగం నిండి ఉండాలి. అదీగాక తన మనుషులే తరుముకుంటూ ముందుకెళ్లి తోపులకు అడ్డం పడ్డారు, ఇక ఎవరి మీద పేలుస్తాడు? రాయలు అప్పుడు వేలి ఉంగరం తీసి పరిచారకుడి చేతికిచ్చి, నేను పోతే ఇది రాణులకు చూపించు అని, రెండో వరుసతో గుర్రం మీద దూకాడట. బీజాపూరు సైన్యం తిరిగి కృష్ణలో పడింది. రాయలకు 400 పెద్ద తోపులు చిక్కాయని న్యూనిజ్ లెక్క.

ఇంతవరకే అయితే తోపులు ఉత్త దండగ అనుకుంటావు. అసలు కథ కోట దగ్గర ఉంది.

కోట మీద 200 పెద్ద తోపులున్నాయి. అయినా రాయల మనుషులు గునపాలు పట్టుకుని గోడ మొదలుకే వెళ్లి తవ్వారు! ఎలా? నేను కొత్తగా చేరినప్పుడు ఉస్తాద్‌ను అడిగాను: శత్రువు గన్ను కాళ్ల దగ్గరికే వచ్చేస్తే ఏం చేయాలి సాబ్? ఆయన మా గన్ను మూతిని కిందికి వంచి చూపించాడు. రెండున్నర డిగ్రీలు, అంతే, ఆగిపోయింది. 'ఇప్పుడు నీ రైఫిల్ తీసుకో' అన్నాడు. రాయచూరులోనూ ఇదే తంటా. ఎత్తు మీద బిగించిన తోపు దూరాన్ని కొడుతుంది కానీ గోడ మొదట్లో వంగున్నవాడిని కొట్టలేదు. అయితే పైనుంచి బాణాలూ రాళ్లూ పడుతూనే ఉంటాయి కదా, జనం చచ్చారు. వెనకాడేవాళ్లను ముందుకు తోయడానికి నాయకులు గోడలోంచి పీకిన రాళ్లను కొన్నారు. రాయి సైజును బట్టి 10 పణాల (అప్పటి నాణేలు) నుంచి 50 దాకా. కూలి రేటు పెట్టి కోట పడగొట్టించడమన్నమాట! నాకైతే ఈ యుద్ధం మొత్తంలో ఇంతకంటే గుర్తుండిపోయే సంగతి లేదు.

గెలిచాక రాయలు మళ్లీ కోట మీదికి వచ్చినప్పుడు, క్రిస్టోవావ్ ద ఫిగెరెదో అనే పోర్చుగీసువాడు 20 మంది తుపాకీవాళ్లతో అక్కడికి చేరాడు. గోడ మీది కాపలావాళ్లు అప్పటిదాకా ధైర్యంగా బయటికి వంగి కొట్టేవాళ్లు. తుపాకులు ఒక్కొక్కరినే ఏరి కొట్టడం మొదలుపెట్టాక ఎవరూ తల బయట పెట్టలేదు. గునపాలవాళ్లు నిదానంగా తవ్వుకున్నారు. ఏమిటో చూద్దామని వంగిన కోట అధికారి నుదుటికే గుండు తగిలింది. మర్నాడు కోట లొంగిపోయింది. వందల తోపులు చేయలేని పని చేతిలో పట్టే 20 తుపాకులు చేశాయి. గునపాల సాయంతో, అదీ మరిచిపోకు.

ప్రశ్న: రాయచూరులో అన్ని తోపులు దొరికాక కూడా 1565లో విజయనగరం ఎందుకు ఓడింది? మోసం వల్లేనని మా నాన్నగారంటారు.
– ఉపాధ్యాయుడు, హోసపేట

జవాబు: మీ నాన్నగారి మాట కొట్టిపారేయను. అప్పట్లో విజయనగరాన్ని నడిపిన రామరాయల దగ్గరున్న ఇద్దరు సేనానులు యుద్ధం మధ్యలో అటు తిరిగారని, రెండేళ్ల తర్వాత విజయనగరం వచ్చిన ఇటలీ వర్తకుడు ఫెదెరిచి రాశాడు. కానీ గన్నరును కాబట్టి నా చూపు తోపుల మీదే పోతుంది. రిచర్డ్ ఈటన్ అనే చరిత్రకారుడు చెప్పిన మాట నాకు నచ్చింది: రాయచూరులో ఓడినవాళ్లు పాఠం నేర్చుకున్నారు, గెలిచినవాళ్లు నేర్చుకోలేదు. బీజాపూరువాళ్లు తర్వాతి ఏళ్లలో బురుజులు వెడల్పు చేసి, ఇరుసు మీద అటూ ఇటూ తిరిగే, మూతి వంగే తోపులు కూర్చోబెట్టారు. గుర్రాల దూకుడుతో గెలిచిన విజయనగరానికి ఆ అవసరం కనిపించలేదు.

1565 యుద్ధం జరిగిన జనవరి 23న, బీజాపూరుతో కలిసి వచ్చిన అహ్మద్‌నగర్ సుల్తాను తోపులు రూమీ ఖాన్ అనే సేనాని చేతిలో ఉన్నాయి. ఫెరిష్తా అనే పాతకాలపు చరిత్రకారుడు చెప్పినట్టయితే 600 తోపులు, మూడు వరుసలు: ముందు పెద్దవి, వెనక మధ్యరకం, ఆ వెనక తిరిగే చిన్నవి. వాటికి అడ్డంగా విలుకాళ్లను నిలబెట్టి, శత్రువు బాగా దగ్గరికి వచ్చాక వాళ్లను పక్కకు తప్పించాడు. దగ్గరికొచ్చిన జనం మీద గుండ్లకు బదులు రాగినాణేల సంచులు కూరి పేల్చాడట. ఒక్క గుండు ఒక్క దారినే పోతుంది, సంచెడు నాణేలు చేటలో గింజలు విసిరినట్టు చుట్టూ చిమ్ముతాయి. ఆదిల్ షా ఒకేసారి పేల్చి చేతులు ఖాళీ చేసుకున్నచోట ఇతను మూడు వరుసలుగా దాచుకున్నాడు చూశారా. 45 ఏళ్లు పట్టింది ఆ తెలివి రావడానికి.

ప్రశ్న: డ్రోన్లొచ్చాక మీ తోపుల పని అయిపోయినట్టేనా తాతా?
– ఇంటర్ విద్యార్థి, గిద్దలూరు

జవాబు: మా ఊరివాడివే, ఎగతాళి నీ హక్కు! ఉక్రెయిన్‌లో రెండువైపులా 155, 152 ఎం.ఎం. గుండ్లు చాలక వెతుక్కున్నారు నాయనా. మారింది కళ్లు. మా రోజుల్లో బైనాక్యులర్లూ వైర్‌లెస్ సెట్టూ పట్టుకుని ఒకడు గుట్టెక్కి 'కుడికి వంద, ముందుకు రెండొందలు' అని చెప్పేవాడు. ఆ గుట్టకు అవతల ఏముందో వాడికీ తెలీదు. ఇప్పుడు అరచేతిలో పట్టే డ్రోను అవతల కూడా చూసి చెప్తుంది, తనే వెళ్లి గుద్దుతుంది కూడా. అంచేత గన్నువాళ్లు నాలుగు గుండ్లు వేయగానే చోటు మార్చాలి. మేమైతే ఒకేచోట వంట కూడా చేసుకునేవాళ్లం.

ప్రశ్న: రాయచూరు కోటలో తప్పక చూడాల్సింది ఏమిటి?
– గృహిణి, మహబూబ్‌నగర్

జవాబు: లోపలి కోట గోడలో 40 అడుగులు దాటిన ఒకే రాయి ఉందమ్మా. దాని మీద శాసనం తెలుగులో ఉంది. కాకతీయుల నాటిది, 1294లో కోట కట్టిన ముచ్చట చెప్తుంది. పక్కనే గోడ మీద ఇంకో బొమ్మ చెక్కారు. ఆ రాయిని బండి మీదికి ఎక్కించి, దున్నపోతుల జతలు వరసగా కట్టి లాక్కొస్తున్నట్టు. పిల్లల్ని తీసుకెళ్తే ఎన్ని జతలున్నాయో లెక్కపెట్టమనండి. నేను పోయినసారి రెండుసార్లు లెక్కపెడితే రెండు లెక్కలొచ్చాయి, ఇంతలో బస్సు టైమైపోయింది.