గిందులో మనోడు ఏడున్నడు?

హైదరాబాద్,
ఫిబ్రవరి 2025

తమ్ముడూ,

పోయిన నీ స్నేహితుడి మీద రాసి నువ్వు పంపిన కవరు అందింది. పద్నాలుగు పేజీలు. మొదటిసారి సగం చదివి కోపంతో పక్కన పెట్టేశాను. రెండోసారి కూర్చుంటే పదకొండో పేజీ దగ్గర ఆగిపోయాను. మధ్యాహ్నం అన్నం కూడా ఆలస్యంగా తిన్నాను. అందుకే ఈ ఉత్తరం.

కోపం ఎందుకో ముందు చెప్తాను. పద్నాలుగు పేజీల్లో నీ స్నేహితుడి పేరు ఒక్కచోట కూడా లేదు. మిత్రమా అన్నావు, నేస్తమా అన్నావు, రాలిన మొగ్గ అన్నావు, ఆరిన దీపం అన్నావు. 26 ఏళ్లు వాళ్లమ్మ నోరారా పిలిచిన పేరు ఒకటి ఉంది కదా, అదేమైంది? కవరులో విడిగా పెట్టిన చీటీ చూస్తే గానీ నాకు తెలియలేదు. నేనిక్కడ రాయను. ముందు నువ్వు రాయాలి.

ఇక పదకొండో పేజీ. వాడు పోయిన నాలుగో రోజు నువ్వు చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్తే, వాడి కుర్చీ మీద వాడి తువ్వాలు అలాగే ఉందని ఒక్క వాక్యం రాశావు. వెంటనే ‘కాలం ఎంత క్రూరమైనది’ అంటూ వెళ్లిపోయావు. ఆ లైబ్రరీ నాకూ తెలుసు తమ్ముడూ. పొద్దున్నే వచ్చి సీటు పట్టుకోకపోతే మెట్ల మీదో చెట్టు కిందో కూర్చుని చదువుకోవాలి. పుస్తకమో నీళ్ల సీసానో పెట్టి టీకి వెళ్తే, తిరిగొచ్చేసరికి సీటు ఉంటుందన్న గ్యారంటీ లేదు. అలాంటి చోట నాలుగు రోజులు ఒక కుర్చీని ఎవరూ ముట్టుకోలేదు. ఎంతమంది ఆ కుర్చీ దాకా వచ్చి, తువ్వాలు చూసి వెనక్కి తిరిగారు? వాళ్లలో వాడితో ఒక్క మాటైనా మాట్లాడని వాళ్లు ఎందరు? చివరికి తీసిందెవరు? మడతపెట్టి ఎవరికిచ్చారు? అసలు అది ఏ రంగు తువ్వాలు? ఏమీ రాయలేదు. కాలం క్రూరమైనదని నువ్వు చెప్పనక్కర్లేదు, నాకు 63 ఏళ్లు.

నేను ఎప్పటి నుంచో గట్టిగా నమ్మే మాట ఒకటుంది. ముసలివాళ్లు పోతే కథలు మిగులుతాయి. పెళ్లిళ్లు, పొలాలు, కోర్టు కేసులు, తగాదాలు, చెప్పుకోవడానికి బోలెడు. వయసులో ఉన్నవాళ్లు పోతే సగం పనులే మిగులుతాయి. టైలర్ దగ్గర ఇచ్చిన చొక్కా ఉంటుంది. నెలాఖరు దాకా చెల్లే బస్ పాస్ ఉంటుంది. ఎవరికో ఇవ్వాల్సిన మూడు వందలు, ఎవరి దగ్గరో రావాల్సిన రెండు వందలు ఉంటాయి. వాడి గురించి రాయాలంటే ఆ సగం పనుల్లోకి వెళ్లాలి. వచ్చే సోమవారం వాడు ఏం చేద్దామనుకున్నాడో కనుక్కోవాలి. నాకు ఇంకో దారి తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

మా తమ్ముడు 1987 జులైలో పోయాడు. 22 ఏళ్లు. నారాయణగూడలో ఒక గదిలో ఇద్దరం ఉండేవాళ్లం. నేను ఒక పత్రికలో ప్రూఫులు దిద్దేవాణ్ణి, నైట్ డ్యూటీ. వాడు కోఠిలో గుజరాతీ గల్లీలో రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే పని నేర్చుకుంటున్నాడు. వాన పడిన శనివారం సాయంత్రం కరెంట్ షాక్ కొట్టింది. వాడి చావు గురించి ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

రాయాల్సింది రేడియో గురించి. భువనగిరి నుంచి అమ్మ తన రేడియో పంపింది, గరగరలాడుతోందని. వాడు దాన్ని విప్పి కిటికీ గూట్లో పెట్టాడు. ఏడు స్క్రూలూ ఒక అగ్గిపెట్టెలో వేసి, పైన పెన్సిల్‌తో ‘అమ్మ 7’ అని రాశాడు. సోమవారం షాపు నుంచి కండెన్సర్ తెచ్చి వేస్తానన్నాడు. గూట్లో వాన జల్లు పడుతోందని శనివారం పొద్దున దాని మీద నా లుంగీ కప్పి వెళ్లాడు. నేను డ్యూటీ నుంచి వచ్చి, నా లుంగీ ఎందుకు తీశావురా అని తిడదామనుకుని నిద్రపోయాను.

ఇదంతా ఎనిమిది పేజీలు రాశాను. రెండు పత్రికలు తిప్పి పంపాయి. మూడో పత్రిక ఎడిటర్ నన్ను పిలిపించి, ‘ఈ అగ్గిపెట్టెలు, లుంగీలు, ఈ చిల్లర వివరాలన్నీ ఎందుకయ్యా? పాఠకుడికి విశ్వజనీనత కావాలి’ అన్నాడు. ఆ మాట నేను అప్పుడే మొదటిసారి విన్నాను. ఎర్ర పెన్నుతో అగ్గిపెట్టె కొట్టేశాడు, రేడియో కొట్టేశాడు, లుంగీ కొట్టేశాడు. మిగిలిన పేజీన్నరకి ఒక పువ్వు పేరు పెట్టి 1988లో వేశాడు. నేనూ ఒప్పుకున్నాను, అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆశ. కాగితం ఖర్చుకి వెనకాడి కార్బన్ కాపీ కూడా పెట్టుకోలేదు. ఆ ఎనిమిది పేజీలు ఇప్పుడు ఎక్కడా లేవు. ఆ ఎడిటర్ మీద నా కోపం 37 ఏళ్లయినా చల్లారలేదు, చల్లార్చుకోవాలని కూడా నాకు లేదు.

ఆ సంచిక పట్టుకుని భువనగిరి వెళ్లాను. అమ్మకి చదువు రాదు. గడప మీద కూర్చుని చదివి వినిపించాను. చివరిదాకా విన్నది. ‘మంచిగ రాసినవ్ బిడ్డా’ అన్నది. కాసేపాగి, ‘గిందులో మనోడు ఏడున్నడు?’ అని అడిగింది.

విప్పిన ఆ రేడియోను అమ్మ తను పోయేదాకా అలాగే ఉంచుకుంది. ఎవరితోనూ బాగు చేయించనివ్వలేదు. శుక్రవారం ఇల్లు కడిగినప్పుడల్లా పొడిగుడ్డతో తుడిచేది. అగ్గిపెట్టె చివికిపోతే స్క్రూలను ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చింది గానీ, పెన్సిల్ రాత ఉన్న అట్టముక్కను మాత్రం కత్తిరించి ఆ డబ్బాలోనే వేసింది. ఇప్పుడది నా బల్ల మీద ఉంది. ‘7’ ఇంకా కనిపిస్తుంది. ‘అమ్మ’ దాదాపు చెరిగిపోయింది.

పేరు సంగతి మళ్లీ ఎత్తుతున్నాను, విసుక్కోకు. 1950లో పుస్తకంగా వచ్చిన మహాప్రస్థానాన్ని శ్రీశ్రీ ఎవరికి అంకితం ఇచ్చాడో చూడు. చిన్న వయసులో పోయిన స్నేహితుడు కొంపెల్ల జనార్దనరావుకి. ఆయన ‘ఉదయిని’ అనే పత్రిక నడిపాడు. ఆ పత్రిక సంచిక ఒక్కటి కూడా చూడని వాళ్లకు ఈ రోజుకీ ఆయన పేరు తెలుసు. స్నేహితుడు పేరు దాచకుండా పుస్తకం మొదట్లోనే పెట్టాడు కాబట్టి తెలుసు.

ఆరో పేజీలో ‘ఈ వ్యవస్థ వాణ్ణి చంపేసింది’ అని రాశావు. నీ కోపం న్యాయమైనదే. కానీ వ్యవస్థ అనే మాట అందరూ వాడి వాడి అరిగిపోయింది, ఏ సభకి వెళ్లినా అదే. నీ దగ్గర అంతకన్నా గట్టిది ఉంది. 2022 డిసెంబర్‌లో 783 పోస్టులకి తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు అన్నారు, తర్వాత నవంబర్ అన్నారు, తర్వాత 2024 జనవరి అన్నారు, తర్వాత ఆగస్టు అన్నారు. చివరికి డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగింది. మీ అశోక్‌నగర్ గది గోడ మీద వాడు ఈ తేదీలన్నీ రాసుకుని కొట్టేశాడా? ఒక్కో వాయిదాకి ఇంటికి ఫోన్ చేసి నాన్నతో ఏం చెప్పాడు? ఇంకో మూడు నెలల రూమ్ రెంట్ ఎక్కడి నుంచి తెచ్చాడు? ఐదు రూపాయల భోజనం లైన్లో నీతో ఏం మాట్లాడేవాడు? నువ్వు పక్కనే ఉన్నావు కదా. ఆ తేదీలు వరసగా రాయి, చాలు. వ్యవస్థ అనకపోయినా చదివేవాడికి అర్థమవుతుంది.

ఇంకొకటి, ఇది రచన సంగతి కాదు. రాత్రి చదువుకుని పడుకున్నవాడు పొద్దున లేవలేదని, పోస్టుమార్టంలో గుండె కండరం మందంగా ఉందన్నారని, ‘డాక్టర్ వాళ్లింట్లోవాళ్లకి కూడా ఏదో టెస్ట్ అన్నాడు’ అని రాసి వదిలేశావు. ఆ జబ్బు చాలాసార్లు వంశపారంపర్యంగా వస్తుంది. అందుకే ఒకరికి ఉందని తేలితే తల్లిదండ్రులకు, తోబుట్టువులకు ఈసీజీ, ఎకో తీయిస్తారు. వాడికి చెల్లెలు ఉందన్నావు. తీయించారా? ఈ ఉత్తరం చదవడం ఆపేసి ముందు వాళ్లింటికి ఫోన్ చెయ్యి.

ఈ మధ్య ఒక అలవాటు వచ్చింది. ఎవరైనా పోయిన గంటలోపే తాము వాళ్లతో దిగిన ఫొటో పెట్టి, తామెంత ఏడుస్తున్నారో రాస్తారు. చదివితే పోయినవాడు కనిపించడు, రాసినవాడే కనిపిస్తాడు. నీ రెండు, మూడు, నాలుగు, తొమ్మిది పేజీలు అలాంటివే. తీసెయ్యి. నీకు ఏడుపు వచ్చిందని నేను నమ్ముతున్నాను. మీ ఇద్దరికీ గొడవ అయి ఆరు రోజులు మాట్లాడుకోలేదని ఏడో పేజీలో ఉంది చూడు, అది మాత్రం ఉంచు. దేనికి గొడవ అయిందో కూడా రాయి. వాణ్ణి మరీ దేవుణ్ణి చెయ్యకు. వాడు నీ చార్జర్ తీసుకుని ఇవ్వలేదంటే ఇవ్వలేదనే రాయి.

కవితగా రాయాలా, వచనంగానా, ఏ పత్రికకి పంపాలి అని అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు వాళ్ల ఊరు వెళ్లి, రాసింది వాళ్లమ్మకి చదివి వినిపించు. ఆమె మధ్యలో ఆపి ‘అట్ల కాదు బిడ్డా’ అని సరిచేస్తే, ఆ సరిచేసిన మాట అలాగే రాసుకో.

ఒకటి కనుక్కోగలిగితే కనుక్కో. డిసెంబర్ 15న ఏదో ఒక సెంటర్‌లో వాడి హాల్‌టికెట్ నంబర్ అంటించిన బల్ల ఒకటి ఉండి ఉంటుంది. ముందు రోజు ఎవరో గమ్ రాసి అంటించి ఉంటారు. బెల్ కొట్టాక ఇన్విజిలేటర్ ఆ బల్ల దాకా వచ్చి, ఆబ్సెంట్ అని రాసుకుని ముందుకు వెళ్లి ఉంటాడు. అది ఏ సెంటరో వాడి లాగిన్ తెలిస్తే దొరకొచ్చు. ఆ లాగిన్ వివరాలు నీకు తెలుసని పన్నెండో పేజీలో నువ్వే రాశావు.

తువ్వాలు రంగు మర్చిపోకు.

ఉంటాను.